కటక్

ఇంజన్ మోత లేని బండి కదా,
దాక్కోడానికి చోటు లేదు దేనికీ.
నాచారం మలుపులో ఎడమకి తిప్పితే
ముందు చక్రం దగ్గర ఒక్కటే – కటక్.
కుడికి తిప్పితే ఏమీ ఎరగనట్టు.

షోరూం కుర్రాడు లాప్‌టాప్ తగిలించి
"తప్పేం చూపించట్లేదు మేడమ్" అన్నాడు.

ముషీరాబాద్ జిలానీ భాయ్ రెండు చెవుల్నీ
ముప్పై ఏళ్ల డీజిల్ లారీలు ఎప్పుడో తినేశాయి.
చక్రం వెనక చెయ్యి దూర్చి
స్ప్రింగు మీద వేళ్లు ఆనించి
"తిప్పమ్మా" అన్నాడు. "ఔర్ థోడా."
తిప్పాను.
నాకు వినపడేలోపే
ఆయన కనురెప్ప అదిరింది.

"పైన బేరింగ్.
బ్యాటరీ బరువు, మన గుంతలు.
పదకొండొందలు."

సాయంత్రం అదే మలుపు. బండి కిక్కురుమనలేదు.
అప్పుడు వినిపించింది
స్టీరింగ్ తిప్పుతున్న నా ఎడమ భుజంలో –
కటక్.