నాలుగో షరతు

సిరిపురంలో చీరల కొట్టు పైన మూడో అంతస్తు.
ఏసీ చప్పుడు, లావెండర్ వాసన,
దాని అడుగున ఎంత తుడిచినా పోని
నూగు కాలిన వాసన.
రోజుకి తొమ్మిది మొహాలు నా చేతి కిందికొస్తాయి.
ముందు కళ్ళ మీద ఇనప కప్పులు పెడతాను గనక
నన్ను చూసినవాళ్ళు తక్కువ.

ఆమె లక్కీ డ్రా కూపన్‌తో వచ్చింది.
కింద కొట్టులో జాకెట్టు గుడ్డ కొంటే సంచిలో పడిందట.
"ఊరికినే వొచ్చింది, ఒగ్గేస్తే పాపం కదేటి?"
మైలపల్లి నూకరత్నం, పెదజాలారిపేట.
ఫారం నేనే నింపాను.
వయసు దగ్గర ఆగాం.
"పెద్ద తుపానప్పటికి మూడోది కడుపులో ఉంది" అంది.
ఏ తుపాను అని అడగలేదు.
యాభై ఎనిమిది వేశాను.

చెంపల మీద మంగు. వేలు పెట్టి
తనే చూపించింది ఒక్కోదాని చిరునామా.
ఇది హార్బర్లో వేలంపాట దగ్గర నిలబడ్డ ఎండ,
ఇది ఎంవీపీ కాలనీలో తట్ట దించని ఎండ,
పెదవి పక్క గీత మాత్రం ఎండది కాదు,
"అది బేరాలది."

మొద్దుబారే క్రీము దట్టంగా రాసి
పలచని ప్లాస్టిక్ కాగితం కప్పాను.
నలభై అయిదు నిమిషాలు.
ఊరికే కూర్చోవడం ఆమెకి చేతకాదు.
"ఆ మిషను ఏటి సేస్తాది?"

మాకు నేర్పిన మాటల్లో కాకుండా చెప్పాను.
వెలుగుని వలలా విసురుతామమ్మా మొహం మీద.
ముడి పడ్డ చోటల్లా చుక్కంత కాలుతుంది,
కన్ను ఉన్న చోట కాలదు.
ఆ కాలని చర్మమే
కాలినదాన్ని మాన్పి కొత్తది నేస్తుంది.

కాసేపు మాట్లాడలేదు.
"అయితే పెద్ద కన్ను వలే మంచిది.
సన్న కన్ను ఏస్తే పిల్లసేప కూడా మిగల్దు."
రెండు సెమినార్లలో మా డాక్టరుగారు
బొమ్మలేసి చెప్పిన సంగతి.

తర్వాత షరతుల కాగితం చదివాను,
వేలిముద్రకి ముందు చదివి తీరాలి.
ఒకటి, మంట. రెండు, ఎరుపూ వాపూ.
మూడు, పొట్టు రాలేటప్పుడు గిల్లకూడదు.
అన్నిటికీ తలూపింది, కాన్పుల కంటేనా అంది.
నాలుగు, ఏడు రోజులు ఎండ తగలకూడదు.

తల ఆగింది.
"ఏ ఎండ?"
ఏదైనా. పొద్దుటిదైనా.
"ఏడ్రోజులే?"
కనీసం.
వేళ్ళు మడవడం మొదలెట్టింది.
పెదాలు కదిలాయి, ఐసు, ఆటో, బుధవారం వడ్డీ అని.
ఒక చెయ్యి చాలక రెండో చేతికి వెళ్ళడం చూశాను.

"గుంటా, ఆ ఏడ్రోజుల నీడకి
కూపనేదైనా ఉంటే సెప్పు.
ఈ ఎలుగు మీరే ఉంచుకోండి."

దూది తెచ్చేలోపు కొంగుతో తుడిచేసుకుంది.
మాట కొంచెం ముద్దగా వస్తోంది, పెదవికీ మందు తగిలింది.
కూపన్ మడత విప్పి నా చేతిలో పెట్టింది.
"నీకూ ఉన్నాయి కదేటి, ఆ మాస్కు కింద."

నాలుగేళ్ళు. ముగ్గురు చర్మం డాక్టర్లు.
ఎవరూ చూడలేదు.
కూపన్ వెనక సన్న అక్షరాల్లో ఉంది,
వేరొకరికి బదిలీ చెల్లదు అని.
అది మాత్రం చదివి వినిపించలేదు.

కిటికీ తెర జరిపాను.
మే నెల, మధ్యాహ్నం రెండు.
జంక్షన్లో కుక్కలు ఏటీఎం మెట్ల కింద దూరాయి.
ఆమె బస్టాపు నీడ వదిలి
రోడ్డు పక్కకి వచ్చి నిలబడింది.
మొహం పైకెత్తింది.
చెంప తడుముకుంది, చెయ్యి తీసింది, మళ్ళీ తడుముకుంది.
ఎండ కొడుతోంది, మొహానికి తెలియడం లేదు.
పక్కనున్న కాలేజీ పిల్లతో ఏదో చెప్పి నవ్వింది,
ఒక వైపే నవ్వు వచ్చింది.

మందు దిగడానికి ఇంకో అరగంట.
బస్సు వచ్చింది, ఎక్కలేదు.
రెండోది కూడా వదిలేసింది.