పసుపు కవరు, తెల్ల కవరు

ఏది మేలు అని నన్నడగొద్దు.
మోసినోణ్ణి, చూసినోణ్ణి కాదు.

‘ఇంటితెర’ వాళ్ళది బెంగళూరు, పసుపు కవరు.
నెలకు మూడొందలు, ఒక్కసారికి మూడు సినిమాలు.
‘వెండిపళ్ళెం’ వాళ్ళది మద్రాసు, తెల్ల కవరు.
నూటతొంభై. ఒక్కటే పంపిస్తారు,
అది తిరిగి చేరితేనే ఇంకొకటి.
ఇదంతా కవరు మీదే అచ్చేసి ఉంటాది.
బైరాగిపట్టెడ ఎండలో సైకిలు గోడకానించి
ఎన్నిసార్లు చదివుంటానో.

బరువుకు రెండూ ఒకటే, అప్పడమంత.
కాకపోతే పసుపుదానికి లోపల అట్ట ఉంటాది,
తెల్లదానికి ఉండదు.
ముద్ర కొట్టే మునిరత్నానికి ఆ తేడా పట్టదు.
ధన్‌మని కొడతాడు,
లోపల టప్‌మంటే
‘పాపం, హీరో నడుం పోయింది’ అంటాడు.

మద్రాసు సంచి తెల్లారి బండికే దిగతాది.
బెంగళూరుది పాకాల మీదుగా తిరిగి తిరిగి
ఒకపూట వెనకాల.
బ్రహ్మోత్సవాల్లో మాత్రం ఇద్దరూ సమానం,
గరుడసేవ నాడు ఎవరి సినిమా ఎవరికీ అందదు.

నా బీటులో ఒక కాంపౌండు.
మేడ మీద పశువుల కాలేజీ మాస్టరు, పురుషోత్తం. పసుపు.
కింద ఖుర్షీదమ్మ, నర్సు, అన్నీ రాత్రి డ్యూటీలే. తెల్ల.

‘మావాళ్ళ దగ్గర జపాను సినిమాలు కూడా ఉండాయి’
అని ఆయన, మెట్ల మీద నుంచి.
‘మావాళ్ళు నేనడిగింది పంపిస్తారు సార్,
మీవాళ్ళు వాళ్ళ దగ్గర మిగిలింది పంపిస్తారు’
అని ఆమె, నోట్లో బ్రష్షు తీయకుండానే.

అదీ నిజమే.
ఆయన లిస్టులో పదకొండోది ముందొస్తాది, ఏడోది తర్వాత.
మొదటిది మాత్రం ఏడాదిగా
ఇంకెవరింట్లోనో ఉండాది.

‘నువ్వు చెప్పప్పా చెంగల్రాయా’ అంటారు ఇద్దరూ.
నేనేం చెప్తా?
మా ఇంట్లో టీవీ ఉంది, బిళ్ళేసే డబ్బా లేదు.

ఎప్పుడు మొదలైందో తెలీదు.
ఒకరోజు పిట్టగోడ మీద రెండు కవర్లూ
ఒకదాని మీద ఒకటి పెట్టి ఉండాయి,
గాలికి ఎగరకుండా పైన ఒక వేడి టీ గ్లాసు.
టీ నాకే అన్నారు.

కవరుకు చిన్న కిటికీ ఉంటాది,
బిళ్ళ మీద నెంబరు కనపడేదానికి.
చూస్తే, పసుపు కిటికీలో తెల్లోళ్ళ నెంబరు,
తెల్ల కిటికీలో పసుపోళ్ళది.
మార్చుకొని చూసినారు,
మార్చకుండా పెట్టేసినారు.

టపా విప్పకూడదు, రూలు.
అయినా వెనకగదిలో జిగురు డబ్బా పక్కన కూర్చొని
ఎవరి బిళ్ళ వాళ్ళ కవర్లో వేసి అంటించినా.
ముప్పై ఏళ్ళ సర్వీసులో
నేను చేసిన తప్పు అదొక్కటే,
ఎనిమిది నెలలు వరసగా చేసినా.

ముందు తెల్ల కంపెనీ పోయింది.
‘విలాసదారు లేరు’ అని రాసుకొని
ఖుర్షీదమ్మ కవరు మద్రాసు నుంచి తిరిగొచ్చింది.
అది ఇద్దామని పోతే
ఆమెకు మదనపల్లెకు బదిలీ,
గడపలో ఆటో, ఆటోలో కుక్కరూ పరుపూ.
మాస్టరు పైనుంచి దిగి
పరుపుకు తాడు కట్టినాడు.
ఇద్దరిలో ఎవరూ ఆ రోజు
ఏ కంపెనీ ఊసూ ఎత్తలేదు.

ఆ మరుసటి వారమే
లిస్టులో మొదటిది వచ్చింది, పసుపు కవర్లో.
నేను గట్టిగా అరిచి చెప్పినా, పేరు చదివి.
‘ఆడ పెట్టు’ అన్నాడు.
ఆడనే ఉండింది.
వానకు కవరు రంగు దిగి గోడకంటుకుంది.
పసుపు కంపెనీ కూడా ఎత్తేసినాక
‘ఎవరికి పంపాలప్పా ఇప్పుడు, నువ్వే తీసుకో’ అని ఇచ్చినాడు.

మా ఆవిడ దానికి దారం కట్టి
జామచెట్టుకు వేలాడదీసింది, కోతులు బెదరతాయని.
జీవకోన కోతులకు బెదురా పాడా!
నిన్న సందకాడ పిల్లకోతి ఒకటి
బిళ్ళను రెండు చేతుల్తో పట్టుకొని
అందులోకే చూస్తా కూర్చుంది,
జామకాయ సంగతే మరిచి.

నేను కిటికీలో, అది కొమ్మ మీద.
ఇంటర్వెల్ దాకా
కదల్లేదు ఇద్దరమూ.