తవ్వినంత మేర

కవిటి తోటల్లో పుట్టినోళ్ళకి
ఆకాశం చిల్లరగానే దొరికేది.
కొబ్బరి మట్టల సందుల్లో పావలా, అర్ధ,
గాలికి పనస కొమ్మ ఒంగితే ఓ రూపాయి బిళ్ళ.
మొత్తం నోటు మేమెప్పుడూ చూళ్ళేదు.

ఐదో తరగతిలో మాస్టారు
ఆకాశం ఎక్కడ మొదలవుతుందని అడిగితే
చెయ్యెత్తి
'మా కొబ్బరిచెట్టు మొవ్వు కాడ్నించండి' అన్నాను.
క్లాసంతా నవ్వింది,
వాళ్ళకేదో తెలిసినట్టు.

సాయంత్రం దుర్యోధన మావనడిగాను.
నూతులు తవ్వడం ఆయన పని.
అప్పుడే పైకొచ్చాడు, కనురెప్పల మీద కూడా ఇసక.
బీడీ సగం కాలేదాకా ఏమీ అనలేదు.
'ఏటోనే గుంటా...
పొద్దున్న నా మడమ కాడుండీది.
నిలువు లోతు తవ్వితే నిలువు దిగినాది.
ఐదు నిలువులు తవ్వినాను, నాతోటే దిగిపోనాది.
పలుగు ఆగిన కాడే దాని మొదలు.'
'మరి చివర?'
'అడుగునుంచి సూస్తే అన్నం పళ్ళెమంత.
ఆ పైన నాకేటి తెలుసు.'

ఆ రాత్రి అరచెయ్యి నేలకి ఆనించి
మెల్లగా ఎత్తాను.
చీమ దూరేంత సందు.
అప్పుడే వచ్చేసిందా, అని వేళ్ళు కదిపి చూశాను.

తిత్లీ రాత్రి తలుపుకి మంచం అడ్డంపెట్టి కూచున్నాం.
తెల్లారి తలుపు తీస్తే
ఎదురుగా ఉంది, మొత్తం నోటు.
చెట్లన్నీ ఒకే వైపు తలపెట్టి పడుకున్నాయి.
మా గుమ్మం నుంచి సముద్రం దాకా
అడ్డు చెప్పేదేదీ లేదు.
అమ్మ కొంగు తలమీదికి లాక్కుంది,
ఎవరో కొత్తవాళ్ళు ఇంట్లోకి తొంగి చూసినట్టు.
అంత ఆకాశాన్ని ఏం చేసుకోవాలో ఎవరికీ తెలీలేదు.
మావ మాత్రం
వేళ్ళతో పెళ్ళగిలిన చెట్టు గోతిలోకి దిగి
కాసేపు నిలబడి వచ్చాడు.
'తవ్వకుండానే దిగిపోనాది' అన్నాడు.
ఆ గొంతు నేను మళ్ళీ వినలేదు.

తర్వాత బోరు బళ్ళొచ్చాయి.
జానెడు కన్నం. దాంట్లోకి మనిషి దిగడు,
మరి అదెలా దిగుతుంది?

మళ్ళీ నాటిన మొక్కలు నన్ను దాటి ఎదిగాయి.
కింద కూచుంటే ఒళ్ళో
అక్కడక్కడా చిల్లర పడుతోంది.

మావ తవ్విన ఆఖరి నుయ్యి ఇప్పుడెవరూ తోడరు.
మొన్న గట్టు పట్టుకుని ఒంగి చూశాను.
అడుగున, నిజమే, పళ్ళెమంత.
మధ్యలో నల్లగా నా తల.

పక్కకి తప్పుకున్నాను.