రేపు ఉదయం ఆరు గంటలకు

ఆదోనిలో మా కేబుల్ ఛానెల్ స్టూడియో అంటే
పత్తి గోదాము వెనక గది.
గోడకు నీలం చీర బిగించినాం.
ఫ్యాను తిరిగితే నూగు లేస్తుందని
వార్తలు అయ్యేదాకా ఫ్యాను బందు.

వన్నూరమ్మ మొదటిరోజు వచ్చినప్పుడు
చేతిలో డిగ్రీ కాగితం, టిఫిన్ డబ్బా.
ఓనరు పేరడిగి మొహం చిట్లించి
"తెర మీద ఈ పేరు నిలబడదు పాపా,
స్వప్న అని పెడ్దాం" అన్నాడు.
సరే అనింది.
ఇంట్లో చెప్పలేదు.
పరుపులు కుట్టే వాళ్ల నాయన
సాయంత్రం ఆరున్నరకు టీవీ ముందు కూర్చొని
కూతురి నోటనే కూతురికి ఇంకో పేరు విని
రిమోట్ పక్కన పెట్టి
బీడీ వెలిగించుకున్నాడట.

కెమెరా నేను. ప్రాంప్టరూ నేనే.
పాత క్యాలెండర్ల వెనక స్కెచ్ పెన్నుతో రాసి
మోకాళ్ల మీద కూర్చొని పట్టుకునేవాణ్ణి.
పత్తి క్వింటాలు ఇంత. వేరుశనగ ఇంత.
హొళగుంద రాత్రి బస్సు రద్దు.
మిరప కోతలకు గుంటూరు పోయిన లారీ బోల్తా,
మృతుల పేర్లు ఇలా ఉన్నాయి...
పేర్ల దగ్గర ఆమె ఎప్పుడూ నిదానించేది.
ఒక్కో పేరుకు ఒక్కో ఊపిరి.
యాడ్ టైము పోతాందమ్మా అని ఓనరు అరుపు.

ఆఖరి వార్త మాత్రం మునిసిపాలిటీ చీటీ.
"రేపు ఉదయం ఆరు గంటలకు
నీళ్లు విడుదలవుతాయి."
నవ్వుతూ చదివేది.
నవ్వమని చీటీలో ఉండేది కాదు.

నీళ్లు రావు.

కొళాయి కింద బిందె పెట్టి కూలి పోగొట్టుకున్న ఆడోళ్లు
కమిషనర్ను ఎరగరు, ఇంజనీరును ఎరగరు.
వాళ్లకు తెలిసిన మొహం ఒక్కటే.
"ఏమ్మే స్వప్నా, ఆరుకొస్తాయంటివే!
నీ నోట్లో మన్నుబడ, యాడొచ్చినాయే?"
కూరగాయల మార్కెట్లో, ఆటోలో,
కాన్పుల ఆస్పత్రిలో నొప్పులు పడుతూ ఒకామె కూడా.
మూడేండ్లు పడింది.
నాలుగో ఏడు నాతో అనింది:
"ఎట్లా తిట్లు నావే కదన్నా,
ఆ చీటీ రాసే చెయ్యి కూడా నాదైతే పోలా?"

బ్యాలెట్టు మీద వన్నూరమ్మ అనే ఉండాది.
యారీ వన్నూరమ్మ అని జనం.
గడప గడపకూ పోయి నిలబడి
ఆ గొంతుతోనే
"నమస్కారం, ముఖ్యాంశాలు" అనేది.
లోపల పిండి చేతులతో ఉన్నోళ్లు
నవ్వుకుంటా బయటికొచ్చేటోళ్లు.
గెలిచింది. రెండోసారి ఏకంగా చైర్‌పర్సన్.
ఇంటి ముందు కొత్త బోర్డును వాళ్ల నాయన
పొడి గుడ్డతో తుడిచినాడు,
తుడిచిందే తుడిచినాడు.

ఇప్పుడు నీలం చీర ముందు సలోమి.
ఆ పిల్ల పేరు మార్చొద్దని
చైర్‌పర్సన్ నుంచి ఓనరుకు ఫోను.
సాయంత్రానికి చీటీ వచ్చేది.
కింద సంతకం, వన్నూరమ్మ.
పైన, రేపు ఉదయం ఆరు గంటలకు.
నేనేమీ అనలేదు.
క్యాలెండరు వెనక దించుకున్నా.
ఆ వాక్యం నా వేళ్లకు కంఠతా వచ్చు.

మొన్న ఎండాకాలం, దిగువ కాలువ ఎండిన తొమ్మిదో దినం
చీటీ రాలేదు, మనిషొచ్చింది.
సలోమిని లేపి ఆ కుర్చీలో కూర్చునింది.
అలవాటుగా క్యాలెండరు ఎత్తినా.
"దించన్నా" అనింది.

ఎర్ర లైటు వెలిగింది.
మాట లేదు.
పదకొండు సెకన్లు.
నుదుటి చెమట దిగి కనుబొమలో ఆగింది.
కట్ చేద్దామని నా వేలు పోయింది,
వెనక్కి తీసుకున్నా.

"రేపు నీళ్లు రావు" అనింది.
"ఎల్లుండి సంగతి నాకు తెలీదు.
తెలిసినట్టు చదివిన దినాలు..."
అక్కడ ఆగిపోయింది,
చనిపోయినోళ్ల పేర్ల దగ్గర ఆగినట్టు.

ఆ రాత్రి పేటంతా తిట్టింది.
మా ఇంటామె అన్నం పెడతా పెడతా
నన్ను కూడా కలిపి తిట్టింది.

పొద్దున ఆరు గంటలకు లేచి చూస్తే
కొళాయి కాడ ఒక్క బిందె లేదు.
ఎన్నేండ్లకో
మా వీధి ఆడోళ్లు
నిద్రపోతాండారు.