షెట్టి వాళ్ళ నాయిన

ముహర్రఖ్‌ల పెద్దమనుషులు కూసునే సెంటర్‌కు
మొదటిసారి ఏసీ బాగు చెయ్యనీకె పోయిన.
నిచ్చెన దిగంగనే బూ ఖమీస్ పేరడిగిండు.
పోశెట్టి, అన్న.
వాళ్ళ నోట్ల ‘ప’ పలుకది.
బూ షెట్టి, అని తలూపిండు.

బూ అంటే నాయిన.
కొడుకు పేరు పెట్టి మనిషిని పిలిచే ఊరది.
ఓహో, షెట్టి వాళ్ళ నాయినవా,
కూసో, చాయ్ తాగు, షెట్టి ఎట్లున్నడు?

మంచిగున్నడు, అన్న.
ఒక్క చాయ్‌కి ఎంతని ఇడమర్చి చెప్తం?

ఆ ఒక్క చాయ్‌కి తొమ్మిదేండ్లు.
శుక్రవారం క్యాంపుల బట్టలు పిండేసి
ఎండ వాలంగనే పోత.
పైసలు ఎవ్వరియ్యరు, నేనడగలె.
క్యారంబోర్డు మీద పౌడరు చల్లుడు,
ఎవరి కళ్ళద్దాలు ఎవరి ముక్కు మీదున్నయో చూసి మార్చుడు,
బూ ఖమీస్‌ను రెండు చేతులు పట్టుకొని
బాత్రూం దాక,
తలుపు బయట నిలబడి దగ్గుకుంట,
మళ్ళ కుర్చీ దాక.
షుగరున్నోళ్ళకు మూడే ఖర్జూరాలంటది లుల్వా మేడం.
నాకు మూడు తర్వాత అయిదని
ఆ హాల్ల అందరికీ తెలుసు.

మోజా అవ్వ ఖర్జూరపాకు అల్లుతది.
ఒకనాడు పక్కన కూసొని, చూసి చూసి,
ఒక పాయ అందుకున్న.
సిరిసిల్లల మగ్గం దిగి ఇరవై రెండేండ్లు.
నేను మరిచిన సంగతి
వేళ్ళకు ఎవరూ చెప్పలేదు కావచ్చు.
అవ్వ నా చేతుల దిక్కు చూసింది, మొఖం దిక్కు చూసింది.
నీకు ఏసీ పని నేర్పినోడెవడు,
అని వాణ్ణి తిట్టింది.

షెట్టి గూడ ఈ హాల్లనే పెరిగిండు.
నాకున్నది ఇద్దరు బిడ్డలు. కొడుకు లేడు.
అయినా ఒకనాడు నా మొఖం చిన్నగుంటే ఏమైందన్నరు,
షెట్టి సైకిల్ మీదికెల్లి పడ్డడన్న.
టెన్త్ ఒకసారి తప్పిచ్చిన.
ఊకె పాసైతుంటే ఎవరు నమ్ముతరు?
నిరుడు కరీంనగర్ బ్యాంకుల నౌకరి వచ్చింది.
హల్వా పంచిన్రు, ముసలోళ్ళే, వాళ్ళ పైసలతోని.
షెట్టికని ఒక డబ్బ కట్టిచ్చిన్రు.
రూంల ఆరుగురం తిన్నం, వాని పేరు మీద.

మొన్న ఫారం తెచ్చింది లుల్వా మేడం,
సాయం చేసేటోళ్ళకు కార్డు, పచ్చ కోటు.
వయసు కాడ ఆగి చదివింది, యాభై తొమ్మిది.
ఇంకొక్క ఏడు బూ షెట్టీ,
ఆ తర్వాత నువ్వు లేపే దిక్కు కాదు,
కూసునే దిక్కు, అని నవ్వింది.
చప్పట్లు కొట్టిన్రు.
బూ ఖమీస్ నెత్తి మీది రుమాలు తీసి
పక్క కుర్చీ మీద వేసిండు,
మన ఆర్టీసీ బస్సుల కిటికీలకెల్లి
సీటుకు తువ్వాలేసినట్టు.

అరువై నిండినోనికి మా కంపెనీల
ఇచ్చేది కుర్చీ కాదు, టికెట్.
అరబ్బీల ఆ మాట నాకు వచ్చు.
చెప్పలె.

మొఫిజుల్ గావా పోసుకుంట వచ్చిండు.
చాలనుకుంటే ఫింజాన్ ఊపాలె,
ఊపకపోతే పోస్తనే ఉంటరు.
నాలుగుసార్లు పోసిండు.

సొంత బిడ్డల పేర్లు కలిపేస్తున్నడు బూ ఖమీస్
ఈ నడుమ.
నా మోచెయ్యి పట్టుకొని అడిగిండు,
షెట్టి పెండ్లెప్పుడు?

వచ్చే ఏడు, అన్న.
నేను పోవాలె మరి, నాయినను గద.

పో, పోకుంటే ఎట్ల, అన్నడు.
రుమాలు తీసి దులిపి
మళ్ళ అదే కుర్చీ మీద పరిచిండు.