ఎడమ చుట్టు

పెరంబూరులో మాది మూడో అంతస్తు.
టెంకాయ నేలకేసి కొట్టకూడదని
ఓనరమ్మ అద్దె కాగితంలోనే రాయించింది.
ఇన్నేళ్లూ మా ఆయన అరచేతిలో పెట్టుకుని కొట్టేవాడు,
కత్తి వీపుతో నాలుగు దెబ్బలు,
అయిదోది ఎప్పుడూ అక్కర్లేదు.

ఇప్పుడు ఆ కుడిచేతికి పిండికట్టు.
వ్యాసర్‌పాడి సబ్‌వే నీళ్లలో
గుంట ఉందని స్కూటరుకి తెలియలేదు.
నోటికి మాత్రం ఏ దెబ్బా తగల్లేదు,
మంచం మీంచి పనిచేస్తూనే ఉంది:
"పీచంతా లాగెయ్యకు, పిలక ఉంచు.
నడుం మీద కొట్టు. తిప్పుతూ కొట్టు."
ఎవరి నడుం, అన్నాను.

ఆయనది తుని. కొబ్బరికాయ అంటాడు.
నాది నగరి. టెంకాయ అంటాను.
కాయ ఇద్దరికీ పలకదు.

నాది ఎడమచేతి వాటం.
బళ్లో అయ్యవారు బలపం లాక్కుని కుడిచేతిలో పెట్టేవాడు.
అక్షరాలు కుడికి మారాయి, కత్తి మారలేదు.
కాపురానికొచ్చిన మొదటి శుక్రవారం
మా అత్త నా చేతిలోంచి కాయ తీసుకుని
కొడుక్కిచ్చింది, ఒక్క మాట అనకుండా.
ఆ అనని మాట
ఇరవై రెండేళ్లు మా ఇంట్లో ఉంది,
అద్దె లేకుండా.

మొదటి దెబ్బకి ఏమీ కాలేదు.
రెండోది నా బొటనవేలికి.
మూడో దెబ్బకి కాయ సన్నగా నవ్వింది,
నీళ్లు మోచేతి దాకా, జాకెట్టు దాకా,
గడప దాటి చీమల దాకా.
"చెంబు పెట్టావా?" అని అప్పుడడిగాడు.
కాయ రెండయింది గానీ సగాలు కాలేదు,
ఒకటి గిన్నె, ఒకటి మూత.
పట్టుకెళ్లి చూపిస్తే
చాలాసేపు చూసి, "మూత బాగుంది" అన్నాడు.

చిప్పని స్టవ్ మీద మంటకి చూపించాను.
చిటచిటలాడింది, అంచులు పొగలాయి,
చాకు మొన దూర్చి ఒక్క తిప్పు తిప్పితే
కొబ్బరి మొత్తం ఊడి చేతిలో పడింది,
లోపల తెలుపు, వెనక గోధుమరంగు చొక్కా.
ఇది ఆయనకి కూడా తెలియదు.
నేనెక్కడ నేర్చుకున్నానో నాకూ తెలియదు.

సాయంత్రం కింది వాటా ఎళిలరసి
కోయంబేడు నుంచి అనాసపండు తెచ్చింది,
విరిగిన ఎముకకి మంచిదని.
జుట్టు పట్టుకుని మెలేసి పీకింది,
అడుగు కోసి పళ్లెంలో నిలబెట్టింది,
చెక్కు పైనుంచి కిందికి, ముళ్లతో సహా.
లోపల ఒళ్లంతా కళ్లు.
"ఒక్కొక్కటే తవ్వితే పండు మిగలదు.
వరస చూడు, ఏటవాలుగా పోతాయి,
దాని వెంటే గాడి తియ్యి."
ఒక గాడి తీసి చూపించిందో లేదో
నీళ్ల లారీ హారను,
బిందె తట్టుకుంటూ మెట్లు దిగిపోయింది.

ఆమె గాడి కుడికి తిరుగుతోంది.
నా చెయ్యి అటు పోదు.
పండు తిప్పాను, పళ్లెం తిప్పాను,
నేనే బల్ల చుట్టూ తిరిగొచ్చాను.
చివరికి విసుగెత్తి
కత్తిని దాని ఇష్టానికి వదిలేశాను.

కళ్లు అటూ వరసలోనే ఉన్నాయి.
అవే కళ్లు. ఎడమకి ఇంకో వరస.
ఆమె దారి కాస్త వాలుగా,
నా దారి కాస్త నిటారుగా,
రెండు గాళ్లూ కలిసిన చోట
ఒక కన్ను ఇద్దరి కత్తికీ పోయింది.

ముక్కలు ఉప్పునీళ్లలో వేసి తీశాను,
పైన చిటికెడు కారం.
రసం బొటనవేలి దెబ్బ మీద పడి
అప్పుడు గుర్తొచ్చింది, అబ్బా అని.

తినిపిస్తానంటే వద్దన్నాడు.
ఎడమచేత్తో తీసుకున్నాడు,
మొదటి ముక్క లుంగీ మీద,
రెండోది దిండు కింద,
మూడోది గడ్డం దాకా వెళ్లి జారింది.
పసుపు మరకల మధ్య నుంచి తలెత్తి,
"ఎలా పట్టుకుంటావే దీంతో?"

బిగించొద్దు, అన్నాను.
వేళ్లని దాని మానాన వదిలెయ్యి.
నాలుక చుర్రుమందన్నాడు.
అది పండు సంగతి, అన్నాను.

రేపు శుక్రవారం.
దేవుడి గూట్లో ఇంకో కాయ ఉంది.
చెంబు ఇప్పుడే తోమి
ఎడమ పక్కన పెట్టుకున్నాను.