బొమ్మల జాబు

మా నాయన పేరు కుళ్లాయప్ప.
గుత్తి ఆర్.ఎస్‌లో అదే పేరోళ్లు ఇంకో నలుగురుండ్రి.
అందుకే మిలిటరీ కుళ్లాయప్ప అనేటోళ్లు.
ఆయనకా మాట నచ్చేది కాదు.
"పటాలంలో ఉండింది పదహారేండ్లే,
మిగతా డూటీ అంతా హుసేనమ్మ కాడనే కదా" అనేటోడు.

ఎడమచేతికి మూడే వేళ్లు.
తక్కిన రెండూ ఏమైనాయంటే
నాకు మేక తినిందన్నాడు.
తమ్మునితో, సినిమా టికెట్ల గుంపులో యాడనో పడిపోయినాయన్నాడు.
మనవరాలితో, "మీ అవ్వకు అప్పిచ్చినా,
ఇంకా తిరిగియ్యలేదు."
మందుపాతర అనే మాట
ఆయన నోట ఒక్కనాడూ వినల్యా.
చేన్లో కొత్తగా తవ్విన మన్ను కనపడితే మాత్రం
మమ్మల్ని గట్టు మీదనే ఆపి
తానొక్కడే ముందు నడిచేటోడు,
మెల్లగా, మడమ ఎత్తి ఎత్తి.
మాకు నవ్వొచ్చేది.

అమ్మ శెనిక్కాయల మిల్లుకు కోడికూతకే పోయేది.
మా తలలు ఆయన జమా.
వంతెనలు కట్టే తాళ్ల ముడి జడకేసేటోడు,
సాయంత్రం దాకా పాయ జారదు,
రాత్రికి రిబ్బను ఊడదు.
అమ్మ తిట్టుకుంట పండ్లతో లాగేది.

యుద్ధమొచ్చిన ఏడు నేనింకా పుట్టల్యా.
అమ్మకు సదువు రాదు.
సదివి పెట్టే పోస్టుమేను ముందర
తన మనసు పరుచుకునేది నాయనకు ఇష్టం ల్యా.
అందుకని ఇన్లాండు కవరు నిండా బొమ్మలు:
మూడు రొట్టెలుంటే కడుపు నిండినట్టు,
రొట్టె మీద అడ్డగీతలుంటే చలి ఎక్కువైనట్టు,
బోడికొండ మీద కోట గీస్తే
ఊరు కండ్లల్లో తిరుగుతాందని.
కోట పక్కన చిన్న చెప్పుల జత,
అదేందో అమ్మ ఇప్పటికీ చెప్పదు.

ఒగసారి పై ఆఫీసరు పిలిపించినాడంట:
"ఏం దొంగరాతలివి? ఎవరికి పంపుతాండావు?"
నాయన అటెన్షన్లో నిలబడి
ఒక్కొక్క బొమ్మకూ అర్థం చెప్పుకుంట పోయినాడంట.
చెప్పుల కాడికొచ్చేసరికి
ఆఫీసరే చెయ్యెత్తి చాలన్నాడంట,
ముద్ర గుద్ది పంపినాడంట.

అమ్మ జవాబు
పసుపులో ముంచిన బొటనవేలు.
బాగుంటే ఒకటి.
అత్త సతాయిస్తాంటే రెండు.
అక్క కడుపులో పడినప్పుడు
కాగితంలో ఖాళీ లేకుండా.

కోటా రమ్ము సీసాలు ఇటికబట్టీ ఓబులేసుకిచ్చి
మా పుస్తకాలు కొన్నాడని
ఆ ఓబులేసే చెప్పినాడు,
మొన్న, గోరీల దోడ్డి నుంచి వస్తా, ఏడుస్తా.

ఏటా నవంబర్లో బ్యాంకుకు పోయి
బతికే ఉండానని సంతకం పెట్టి
వచ్చేటప్పుడు ఉగ్గాని, బజ్జీ కట్టించుకొచ్చేటోడు.
"సర్కారు ఒప్పుకునింది, ఇంకో ఏడు ఉంటా, తినండి."
ఈ తూరి నవంబరుకు నాలుగు దినాల ముందే
జనాజా లేసింది.
ఆడోళ్లు వెంట పోగూడదు.
మసీదు మలుపు దాకా
పాత పటాలమోళ్ల బూట్ల చప్పుడు లెక్కపెట్టినా.
తర్వాత గూడ్సుబండి వచ్చింది,
ఏమీ వినపడల్యా.

నలభై దినాలు గడిచినాక
ఫ్యామిలీ పించనీకని
అమ్మను బ్యాంకుకు పిల్చకపోయినా.
కుర్ర క్లార్కు ఊదారంగు ఇంకు ప్యాడు ముందుకు తోసినాడు.
అమ్మ దాన్ని చూసింది,
తన వేలు చూసుకునింది,
కొంగుతో తుడుచుకొని
మెల్లగా అద్దింది.
ఒకటి చాలంటే వినకుండా రెండోది గూడా.
ఆరేదాకా ఊదింది, మడత పెట్టనీల్యా.

"ఎప్పటికి చేరుతాది నాయనా ఇది?"
"మూడు నెలలు పట్టొచ్చు అవ్వా."

"అంతా?" అనింది అమ్మ.
"యుద్ధంలో గూడా
పదైదు దినాలకే ముట్టేది."